తట్టే షాఫ్ట్ కాడ కట్టేసిన పికప్

"ఇంగా ఆ దయ్యాల జాగాలోనే పెడతావా బండిని? నీకు ఎప్పుడు బుద్ధి వచ్చేది వదినా?"

మా మరిది మునీంద్ర రెండో గ్లాసు కాఫీ తాగతా అడిగినాడు. మా ఆయన ఆవులప్ప పోయినప్పటి నుంచీ ఇదే గలాట. బండి అమ్మేయమంటాడు, లేదంటే తన షెడ్డులో పెట్టమంటాడు. నేను వాకిట్లో కూర్చోని బండిని కట్టే గొలుసుకి గ్రీజు పూస్తా ఉండాను.

"ఆడనే పెడతా," అనినాను. "నీ షెడ్డులో పెడితే నాలుగు దినాలకి అది నీ బండి అయిపోతాది. దయ్యానికైతే లైసెన్సు లేదు గదా."

వానికి కోపం వచ్చింది. బండి పోయిన పొద్దు మూట కట్టుకోని మా ఇంటికి వచ్చేయి, నలుగురికి వండి పెట్టుకోని ఒక మూల పడుందువు, అనేసి పోయినాడు. వాడు అట్ల అన్న రాత్రే నేను ఇంగో చుట్టు గొలుసు ఎక్కువ వేసినాను.

ఆ జాగాకి చెడ్డ పేరు ఉండేది నిజమే. మారికుప్పంలో మా లైను ఇళ్ళ వెనక మూసేసిన షాఫ్ట్ అది, బంగారు మైన్సులోకి దిగే నిలువు బావి. మైన్సు మూసినప్పుడు దాని నోటికి సిమెంటు పలక వేసేసినారు. చుట్టూ జాలిముళ్ళ చెట్లు. జనం దాన్ని తట్టే షాఫ్ట్ అంటారు. రాత్రి పూట కింద నుంచి ఎవరో తడతారంట... పాలు పోసే గోపాలప్ప ఒకసారి చీకట్లో ఆ దోవన వచ్చి, క్యాన్లు ఆడనే పడేసి ఇల్లు చేరినాడు. ఆ పొద్దు నుంచి దీపం లేకుండా పండుకోడు. తెల్లారుజాము రైలుకి బెంగుళూరు పోయే పిల్లోళ్ళు గూడా ఆ పక్కకి రారు, చుట్టు తిరిగి పోతారు.

నేను బండిని ఆడ పెట్టేది అందుకే.

మా సందులోకి పికప్ దూరదు. మెయిన్ రోడ్డులో పెడితే దొంగలు. పోయిన ఏడు మా పక్కవి రెండు పాత పికప్‌లు పోయినాయి. అద్దం పగలగొట్టేది, స్టీరింగు కింద తీగలు లాగి కలిపేది, పోతానే ఉండేది. బెంగుళూరు చేరేలోపల బండి ముక్కలు ముక్కలు అయిపోతాది. కొత్త బండ్లకి తాళంచెవిలోనే ఏదో కాపలా ఉంటాదంట. మా బండికి ఉండే కాపలా నేనే.

ఆయన పోయినాక నేను డ్రైవింగు నేర్చుకుంటిని. గౌనిపల్లి తట్టు నుంచి టమాటా ఎత్తుకోని కోలారు మార్కెట్టుకి వేస్తాను. సీజన్లో మామిడికాయ. ఆ బండి లేకపోతే నేను మునీంద్ర ఇంట్లో పొయ్యి కాడనే.

అందుకని ఒక పని చేసినాను. పూర్వం లోపలికి గాలి తోలే ఇనుప పైపు ఒకటి ఉండాది. పాత ఇనుము ఏరుకునే గుజిరీ వాళ్ళు చాలా మటుకు కోసుకోని పోయినారు. మన్నులో పూడిపోయిన తునక ఒకటి మిగిలింది. ఒక కొస షాఫ్ట్ లోపలికి దిగతాది, ఇంగో కొస మా నీళ్ళు పోసుకునే గది గోడ కాడ తేలతాది. ఆడ ఎవరు ముట్టినా ఈడ మోగతాది. బండి వెనక ఇరుసుకీ, షాఫ్ట్ కాడ మన్ను పైకి తేలిన ఆ పైపుకీ కలిపి గొలుసు వేసి బీగం వేసినాను.

మునీంద్ర వచ్చి పోయిన ఆ రాత్రి తుంపర. కరెంటు లేదు.

గణ్—అనింది పైపు.

లేచి కూర్చున్నాను. మళ్ళీ... గర్... గర్... గొలుసు కోస్తా ఉండారు.

అరిస్తే ఎవరు వస్తారు? పక్కింటి అక్కయమ్మకి చెవుడు. మిగిలినోళ్ళు ఆ సద్దు వింటే ఇంగో గొళ్ళెం ఎక్కువ పెట్టుకుంటారు. గడ్డపార ఎత్తుకోని గోడ కాడికి పోయినాను. ఆ జాగాకి దయ్యం పేరు ఉండనే ఉండాది, వాడుకుంటే తప్పేమి అనుకుని, పైపు మీద మూడు దెబ్బలు వేసినాను. గట్టిగా.

కోసే సద్దు ఆగిపోయింది.

పారిపోయినాడు అనుకున్నాను. గడ్డపార కిందికి దించినాను. అప్పుడు...

టంగ్... టంగ్... టంగ్...

నిదానంగా. మూడే.

భయమైంది నాకు. అబద్ధం ఎందుకు చెప్పేది.

అప్పుడు మా అత్త చెప్పిన మాట తలకి వచ్చింది. మా మామ మైన్సులో పని చేసినోడు. లోపల బండ పగిలి మనుషులు చిక్కుకుంటే గాలి పైపు మీద తడతారంట, మేము బతికే ఉండాము అని. పైన విన్నోళ్ళు మూడు దెబ్బలు బదులు తట్టల్ల. బదులు తట్టినోడు ఇంగ ఆ జాగా విడిచి కదలకూడదు... లోపలోళ్ళు ప్రాణంతో వచ్చినా, పీనుగై వచ్చినా. పీనుగైతే నొసట పెట్టే రూపాయి గూడా బదులు తట్టినోడే ఇయ్యల్ల. మైన్సు ఇండ్లలో పిల్లోళ్ళకి అ ఆ లు రాకముందే ఇది వస్తాది.

బదులు తట్టే పని దయ్యానికి యాడిది? అది పైన ఉండే మనిషి పని.

అంటే దొంగ మా వాడే. మైన్సు ఇంట్లో పుట్టినోడే. నాకు నవ్వు వచ్చింది. చెంగు దోపుకోని, టార్చి ఒక చేత, గడ్డపార ఒక చేత పట్టుకోని పోయినాను.

బండి అద్దం పగిలి ఉండాది. తీగలు పేగులు మాదిరి వేలాడతా ఉండాయి. గొలుసు సగం కోసి ఉండాది. పైపు కాడ ఒకడు మోకాళ్ళ మీద కూర్చోని, చెవి పైపుకి ఆనించి, చేతిలో రాయి పట్టుకోని ఉండాడు. మొగం మీద టార్చి కొట్టినా నా తట్టు తిరగలేదు. చూస్తే మా లైనులో ఉండే మునిలక్ష్మమ్మ కొడుకు పాండు. బెంగుళూరులో ఏదో పని అని చెప్పుకుంటా ఉండేది వాళ్ళమ్మ. ఈ పని అని చెప్పలేదు.

"లెయ్యిరా," అనినాను.

"పుష్పత్తా... గమ్మునుండు." చెవి పైపు మీద నుంచి తీయలేదు వాడు. "లోపల మనుషులుండారు."

"మనుషులు లేరు, మన్నూ లేదు. మా గోడ కాడ నుంచి కొట్టింది నేనే."

అప్పుడు చూసినాడు నా తట్టు. వాన నీళ్ళో ఏడుపో, మొగమంతా తడి.

"నువ్వు కొట్టింది ఆ పక్క నుంచి వచ్చింది అత్తా. చేయి ఆగలేదు, బదులు తట్టేసినాను. దాని తరవాత... కింద నుంచి వచ్చింది." రాయి ఎత్తి మెల్లగా మూడుసార్లు తట్టినాడు. చెవి ఆనించినాడు. "ఇప్పుడు గూడా. నువ్వు ఎదురుగానే ఉండావు గదా... చెవి పెట్టి చూడు."

గడ్డపార నా చేతిలోనే ఉండాది. చుట్టుపక్కల ఇంగ ఎవరూ లేరు.

నేను చెవి పెట్టలేదు.

భయమని కాదు. పెడితే వినబడొచ్చు. వినబడితే బదులు తట్టల్ల. తట్టితే ఇంగ పోయేదానికి లేదు. నాకు పొద్దున్నే గౌనిపల్లిలో టమాటా ఎత్తేది ఉండాది. కిందోళ్ళు ఎవరైనా సరే, ముందు మార్కెట్టు.

బీగం తీసినాను. వాడు లాగిన తీగలనే కలిపి బండి స్టార్ట్ చేసినాను. దొంగ సగం పని చేసి పెట్టినాడు, మిగిలింది నేను చేసుకున్నాను. ఎక్కరా, ఇంటి కాడ దించుతా అంటే తల అడ్డంగా ఊపినాడు.

"తట్టేసినాను గదా అత్తా. ఎట్ల వచ్చేది?"

మధ్యాన్నం తిరిగి వస్తే వాడు ఆడనే ఉండాడు. వాళ్ళమ్మ రాగి ముద్ద తెచ్చి పెట్టింది. ఒక చేత్తో తింటా ఉండాడు, ఇంగో చెయ్యి పైపు మీదనే. బండికి దొంగ పడినాడని విని మునీంద్ర గూడా వచ్చినాడు, మొగం ఇంత వెడల్పు చేసుకోని. పాండు మాట విని పకపకా నవ్వి, పంచె ఎగదోపుకోని, ఏమి వినబడతాదో చూద్దామని చెవి పెట్టినాడు.

లేచినాడు. మోకాలి మన్ను దులుపుకున్నాడు. బండి మాట ఎత్తలేదు, నా తట్టు గూడా చూడకుండా పోయినాడు. ఏమి విన్నాడో నేను అడగలేదు. ఆ పొద్దు నుంచి అమ్మేయమనేది, షెడ్డులో పెట్టమనేది రెండూ బందు.

మరుసటి దినం చీకటి పడే వేళకి పాండు లేచినాడంట. ఆగిపోయింది అని మాత్రం చెప్పినాడంట వాళ్ళమ్మకి.

పోలీసు కాడికి పోమన్నారు జనం. పోతే బండిని స్టేషను ముందర నిలబెడతారు, నా టమాటా ఎవరు తోలేది? అద్దానికీ తీగలకీ గొలుసుకీ అయ్యింది నువ్వు కట్టు, చాలు అని పాండుకి చెప్పి పంపించినాను. మెకానిక్ మూర్తి లెక్క వేసి రెండువేల మున్నూరు అనినాడు. బండి ఈ పొద్దుకీ తట్టే షాఫ్ట్ కాడనే పెడతా ఉండాను. కొత్త గొలుసు, అదే పైపు.

పాండు ఆదివారం వచ్చినాడు. గడప దాటలేదు. దుడ్లు నా చేతిలో పెట్టి, ఎక్కువ ఉండేది నీకు కాదు అత్తా, అనినాడు... మరి ఎవరికిరా అని అడిగేలోపలే సందు దాటేసినాడు.

ఎంచి చూస్తిని. రెండువేల మున్నూటా ఒక్క రూపాయి.