ప్రార్థనలో పెట్టిన పేరు

ఆదివారం పొద్దున్నే సుప్రజ రెండు పొయ్యిల మీద రెండు పెద్ద గిన్నెలు పెట్టి కోడికూర వండుతోంది. ఆరాధన అయ్యాక అందరూ కలిసి తినే ప్రేమ విందుకి ఈ వారం కూర వంతు ఆమెది. ఒకప్పుడు కెనడాలోని ఈ బ్రాంప్టన్ తెలుగు క్రైస్తవ సంఘానికి ఒక్క గిన్నె కూర తీసుకెళ్తే మిగిలిపోయేది. ఇప్పుడు ప్రతి సెమిస్టర్‌కీ కొత్త స్టూడెంట్లు దిగుతున్నారు. అద్దెకు తీసుకున్న స్కూల్ జిమ్‌లో కుర్చీలు చాలడం లేదు. ఆ పిల్లల్లో సగం మందికి వారం మొత్తంలో ఇంటి వంట దొరికేది అక్కడే. అందుకని సుప్రజ ముక్కల దగ్గర పిసినారితనం చూపించదు.

చేతులు కూర కలుపుతున్నాయి గానీ చెవులు మాత్రం కింద బేస్‌మెంట్‌లోనే ఉన్నాయి. అక్కడ అద్దెకుంటున్న వర్ష లేచిన అలికిడైతే వినిపించింది, తయారవుతున్న హడావుడి మాత్రం లేదు. అంటే ఈ వారం కూడా చర్చి ఎగ్గొట్టేటట్టే ఉంది.

వర్షది ఖమ్మం దగ్గర పల్లెటూరు. తండ్రి లేడు. తల్లి బట్టలు కుట్టి చదివించింది. పగలు కాలేజీ, సాయంత్రం నుంచి వేర్‌హౌస్‌లో పని. వచ్చిన కొత్తలో ఆంటీ ఆంటీ అంటూ ఈ వంటింట్లోనే తిరిగేది, ఉల్లిపాయలు తరుగుతూ అమ్మ కబుర్లు చెప్పేది. అలాంటి పిల్ల ఈమధ్య బేస్‌మెంట్‌కి విడిగా ఉన్న పక్కతలుపులోంచి చప్పుడు కాకుండా వచ్చి పోతోంది. ఒకసారి రాత్రి సందు మలుపులో చీకట్లో ఆగిన ఎవరిదో కారు దిగి, రోడ్డు పక్క మంచుకుప్పల వెనకనుంచి గబగబా నడిచి రావడం సుప్రజ కిటికీలోంచి చూసింది. ఎవరి కారని అడిగితే ఊబర్ అంది, తలెత్తకుండా. నిప్పు లేనిదే పొగ రాదని సుప్రజ ఆ రోజే తీర్మానించుకుంది.

సుప్రజ చెడ్డది కాదు. ఓక్‌విల్‌లో ముసలివాళ్ళ హోమ్‌లో పనిచేస్తుంది, ఎవరికి కష్టమొచ్చినా ముందు పరిగెత్తేది ఆమే. వచ్చిన చిక్కల్లా ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. ఊరికే చెబితే చాడీ అవుతుందని తెలుసు కాబట్టి ప్రార్థన మనవిగా చెబుతుంది. శుక్రవారం ఎవరో ఒకరి ఇంట్లో జరిగే గృహకూటంలో మనవులున్నాయా అని అడగడం ఆలస్యం, మా వర్ష కోసం ప్రార్థన చేయండి అని మొదలుపెట్టేది. తండ్రి లేని పిల్ల, ఇక్కడ అయినవాళ్ళెవరూ లేరు, రూమ్మేట్ ఖాళీ చేసి పోయింది, షిఫ్టు దిగేసరికి బస్సులుండవు, పక్కతలుపు గడియ కూడా సరిగ్గా పడదు, దేవుడే కాపలా కాయాలి అని అంతా పూసగుచ్చినట్టు చెప్పేది. కారు చూసిన వారమైతే ఆ పిల్ల దారి తప్పకుండా చూడు ప్రభువా అని కూడా కలిపింది. దానికి అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది సంఘ పెద్ద కోటేశ్వరరావుగారు.

కోటేశ్వరరావుగారు రిటైరైన ఇంజనీరు. సంఘం వ్యాన్ ఆయనే నడుపుతాడు. కారు లేని స్టూడెంట్లనీ, సండే స్కూల్ పిల్లల్నీ ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని మళ్ళీ దింపుతాడు. సుప్రజ కూతురు పదమూడేళ్ళ కావ్యశ్రీ కూడా అందులోనే వెళ్తుంది. సుప్రజ, రామ్మోహన్ కెనడాలో దిగిన రోజున చలికోట్లు పట్టుకుని ఎయిర్‌పోర్టుకి వచ్చింది ఆయనే. మొదటి అపార్ట్‌మెంట్‌కి హామీ సంతకం పెట్టిందీ ఆయనే. రామ్మోహన్ ఆయన్ని నోరారా అన్నయ్యా అని పిలుస్తాడు.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. వర్ష వంటింటి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"నేను ఇయ్యాల వస్తలేను ఆంటీ," అంది. వెనక్కి తిరగబోతూ, "కావ్యని కూడా వ్యాన్‌ల పంపకండి. అంకుల్ కార్ల తీస్కపోతడు కదా."

తను రాకపోవడమే కాక నా కూతురికీ అడ్డం పడుతోందా అని సుప్రజకి ఒళ్ళు మండింది. అప్పుడే వాకిట్లో మంచు తోసి లోపలికొచ్చిన రామ్మోహన్ ఆ మాట విని, సరే అమ్మా, నేను తీసుకెళ్తాలే అన్నాడు. కార్ల ప్లాంటులో వారమంతా ఒళ్ళు హూనం చేసుకుని, ఆదివారం పొద్దున మంచం దిగడానికి బతిమాలించుకునే మనిషి. ఈ పిల్ల ఒక్క మాట అనగానే సరే అన్నాడు. నిన్న తమ కారు ముందు సీటు కింద దొరికిన ఉన్ని గ్లవ్ వర్షదని సుప్రజకి తెలుసు. అడగాలనుకుని, ఏం వినాల్సొస్తుందోనని భయపడి ఊరుకుంది. ఇక ఊరుకోలేకపోయింది. పొయ్యి కట్టేసింది.

"మొన్న ఈ పిల్ల మన కారెందుకు ఎక్కింది? నాకెందుకు చెప్పలేదు?"

రామ్మోహన్ బిత్తరపోయాడు. వర్ష ఫోన్ చేసి రోడ్డు మీద ఉన్నానంటే వెళ్ళి తీసుకొచ్చానన్నాడు. ఏడుస్తోందని, బెంగనుకుని ఏమీ అడగలేదన్నాడు.

"మరి నాకు చెబితే ఏం పోయేది?"

"నీకు చెబితే శుక్రవారం కూటంలో పెడతావు సుప్రజా."

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. ఆ కోపమంతా వర్ష మీదికి మళ్ళించింది. మలుపులో దిగిన కారు ఎవరిదో ఇప్పుడే చెప్పాలంది, లేకపోతే మీ అమ్మకి ఫోన్ చేస్తానంది. వర్ష తలెత్తి ఆమె వంకే చూసింది. ఆ చూపులో సుప్రజ అనుకున్న భయం లేదు. అసహ్యం ఉంది.

"మీకు తెల్వదా ఆంటీ? ఆయన్ని పంపింది మీరే కదా."

"ఎవర్ని?"

"కోటేశ్వరరావు సార్‌ని."

వర్ష అక్కడే నిలబడి చెప్పింది. మొదటిసారి ఆయన వేర్‌హౌస్ గేటు దగ్గర కారు ఆపి, బస్సులుండవని సుప్రజ చెప్పిందమ్మా అంటే నమ్మి ఎక్కింది. నాన్న లేడటగా, నన్నే నాన్న అనుకో అన్నాడు. తర్వాత షిఫ్టు మారినా అదే టైముకి వచ్చేవాడు. మొదట చెయ్యి పట్టుకున్నాడు, తర్వాత భుజం మీద చెయ్యి వేశాడు. ఆఖరిసారి ఎవరూ లేని పార్కింగ్‌లో కారాపి, డోర్లు లాక్ చేసి మీదికి వచ్చాడు. పెనుగులాడి బయటపడి, రోడ్డు మీదికి పరిగెత్తి రామ్మోహన్‌కి ఫోన్ చేసింది. ఇక్కడే స్థిరపడే పీఆర్‌కి సంఘం లెటర్ తనే ఇప్పించాలని, నోరు తెరిస్తే పర్మిట్ పోయి ఇంటికెళ్తావని ఆయన ముందే చెప్పి పెట్టాడు.

"నాకు రూమ్మేట్ లేదని ఆయనకు తెల్సు. తలుపు గడియ పడదని కూడా తెల్సు. మీకు తెల్సే జరుగుతుందనుకున్న. అంకుల్‌కేమో ఆయన అన్నయ్య. ఇంక నేనెవరికి చెప్పాలె?"

సుప్రజ కుర్చీలో కూలబడింది. ఆయన మనకెంత చేశాడో తెలుసు కదా, ఆయన్ని కూడా ఒకమాట అడగాలి కదా అని రామ్మోహన్ నసిగాడు. చర్చికి తయారై కోటు వేసుకుని మెట్ల మీద నిలబడ్డ కావ్యశ్రీని అప్పటిదాకా ఎవరూ చూడలేదు.

"ఎప్పుడూ ఫ్రంట్ సీట్లో వర్ష అక్కే కూర్చుంటుంది. లాస్ట్ వీక్ అక్క రాలేదు కదా డాడ్. అంకుల్ మేడ్ మీ సిట్ ఇన్ ఫ్రంట్. చాక్లెట్ ఇచ్చి, ఇట్స్ అవర్ సీక్రెట్ అన్నాడు." ఇంకేమైనా చేశాడా అని తల్లి అడిగితే లేదని తలూపింది. "ఐ టోల్డ్ యూ ఐ హేట్ దట్ వ్యాన్, మామ్. యూ సెడ్, డోంట్ బి రూడ్ టు ఎల్డర్స్."

ఇన్నాళ్ళూ వ్యాన్‌లో వర్ష తనే ముందు సీట్లో ఎందుకు కూర్చుందో అప్పుడు అర్థమైంది. సుప్రజ దృష్టిలో దారి తప్పిన పిల్ల, సుప్రజ కూతురికి అడ్డంగా కూర్చుంది. అది తలుచుకుని సుప్రజ సిగ్గుతో కుంచించుకుపోయింది.

బయట వ్యాన్ హారన్ మోగింది. రామ్మోహన్ వెళ్ళబోతే సుప్రజ ఆపి, చెప్పులు కూడా వేసుకోకుండా మంచులోకి నడిచింది.

కోటేశ్వరరావు అద్దం దించి ఎప్పటిలాగే నవ్వాడు. "వందనాలమ్మా. పిల్లలు రెడీయేనా? వర్షమ్మ అలిసిపోయి ఉంటుంది పాపం. తండ్రి లేని పిల్ల, ఎంతని కష్టపడుతుంది."

ఆ మాటలన్నీ తనవే. కూటంలో కళ్ళు మూసుకుని తను అన్న మాటలు అన్నట్టుగా ఆయన నోట్లోంచి వస్తున్నాయి. తనే ఆ పిల్ల ఇంటి దారి చూపించి, తలుపు తీసి పెట్టిందని సుప్రజకి అప్పుడు తెలిసొచ్చింది.

"మా పిల్లలు రారు. మీరింకెప్పుడూ మా గుమ్మంలోకి రావద్దు," అంది. వెనక సీట్లలో ఇద్దరు స్టూడెంట్ అమ్మాయిలున్నారు. పక్కకెళ్ళి డోరు జరిపి, దిగండమ్మా, మా కారులో వెళ్దాం అంది. ఒకమ్మాయి ఎందుకాంటీ అని అడిగింది. రెండో అమ్మాయి ఏమీ అడగలేదు. బ్యాగు కూడా వదిలేసి గబుక్కున దిగి సుప్రజ వెనక్కి వచ్చి నిలబడింది.

రామ్మోహన్ గుమ్మంలోంచి అదంతా చూస్తున్నాడు. అతను ఇంకెవర్నీ ఏమీ అడగలేదు. ఇదేంటి తమ్ముడూ అంటున్న కోటేశ్వరరావుని దాటి వెళ్ళి ఆ పిల్ల బ్యాగు తీసుకుని, వ్యాన్ డోరు మూసేశాడు.

ఆ రోజు కూర ఇంట్లోనే ఉండిపోయింది. మధ్యాహ్నం వర్ష సరేనన్నాక పోలీసులకి ఫోన్ చేశారు. వచ్చిన లేడీ ఆఫీసర్ వర్షతో విడిగా మాట్లాడింది, తర్వాత కావ్యశ్రీతో కూడా. స్టూడెంట్ పర్మిట్ ఎవరో చర్చి పెద్ద తీసేస్తే పోయేది కాదని ఆమె చెబితే వర్ష మొదటిసారి ఊపిరి పీల్చుకుంది. సాయంత్రం పాస్టరు అయ్యగారు ఫోన్ చేసి, ఇలాంటివి సంఘంలోనే కూర్చుని పరిష్కరించుకోవాలి, లోకం ముందు సంఘం పరువు తీయకూడదు అన్నారు. పాస్టరుగారి మాటకి ఏనాడూ ఎదురు చెప్పని రామ్మోహన్, "కంచే చేను మేసింది అయ్యగారూ. కంచె పరువు తర్వాత చూద్దాం, ముందు వ్యాన్ తాళాలు తీసుకోండి," అన్నాడు. పక్కతలుపుకి కొత్త తాళం కూడా అప్పుడే బిగించాడు.

సుప్రజ క్షమించమని అడిగింది. వర్ష హామిల్టన్‌లో ఫ్రెండ్ రూముకి మారతానని సూట్‌కేసు సర్దడం మొదలుపెట్టింది. ఆపే హక్కు సుప్రజకి లేదు. అన్నం మాత్రం రోజూ కిందికి పంపింది.

వర్ష వెళ్ళాల్సిన రోజు పొద్దున పాస్టరుగారి భార్య కమలకుమారి అమ్మగారు ఫోన్ చేశారు. సంఘంలో ఎవరి నోట విన్నా ఇదే మాటట, ఒక్కొక్కరూ ఒక్కో అమ్మాయి పేరు చెబుతున్నారట. వర్ష సూట్‌కేసు పట్టుకుని మెట్లెక్కి వచ్చేసరికి ఫోన్ స్పీకర్‌లో ఉంది.

"ఆ పిల్లెవరో నాకు చెప్పు సుప్రజా. ఈ శుక్రవారం పేరు పెట్టి ప్రార్థన చేద్దాం."

సుప్రజ నోరు అలవాటుగా తెరుచుకుంది. పేరు బదులు ఏడుపొచ్చింది. "ఆ పేరు నేను చెప్పేది కాదమ్మగారూ. ఇన్నాళ్ళూ చెప్పి చెప్పి ఆ పిల్ల కొంప ముంచాను. మీరెన్నిసార్లు అడిగినా ఇక నా నోట రాదు."

వర్ష సూట్‌కేసు కింద పెట్టింది. సుప్రజ చేతిలోంచి ఫోన్ తీసుకుంది. వద్దమ్మా, నీకిష్టం లేకుండా వద్దు అని సుప్రజ సైగ చేసినా ఆగలేదు.

"వందనాలమ్మగారూ. నేను వర్షని, ఆ పిల్లని నేనే. వేరే అమ్మాయిల పేర్లు తియ్యకండి. శుక్రవారం నేనే వస్త. నా పేరు పెట్టి ప్రార్థన చేస్తే, ఆయన పేరు కూడా పెట్టి చెయ్యండి. అందరికీ వినపడేటట్టు చెయ్యండి."

వర్ష ఫోన్ పెట్టేసింది. సుప్రజ ముందుకొచ్చి, పట్టుకోవచ్చో లేదో తెలియక ఆగిపోతే, వర్షే వచ్చి ఆమె భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

"శుక్రవారం మీరు నా పక్కన కూసోవాలె ఆంటీ," అంది. "ఏం మాట్లాడకండి. ఊరికే కూసోండి."