ఆపితే ఆగని దిద్దుబాటు

మౌలాలి గుట్ట మెట్ల మీద ఎండ ముదురుతోంది. సోమయ్య సగం మెట్లెక్కి ఆగాడు. చేతిలో గులాబీల పొట్లం. రహస్యంగా కలవాల్సిన మనిషికి అదే గుర్తు. పైనుంచి దిగుతున్న తెల్ల లాల్చీ మనిషి అగరొత్తుల కట్ట ఊపి నవ్వాడు.

"పైన గాలెట్లుంది భాయ్?" అడిగాడు సోమయ్య.

"జెర వేడిగుంది."

కోడ్ సరిపోయింది. సోమయ్య దగ్గరికి వెళ్ళాడు. ఆ కట్టలో ఒకటి అగరొత్తు కాదు, విషం పూసిన సన్నటి స్టీలు సూది. మెడ మీద చీమ కుట్టినట్టయింది. సోమయ్య మెట్టు మీద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. పొట్లం విడిపోయి గులాబీలు కిందికి దొర్లాయి.

తెల్ల లాల్చీ మనిషి తొందర లేకుండా మెట్లు దిగి జనంలో కలిసిపోయాడు. విదేశీ ముఠాలో అతని పేరు వైపర్.

*

రాంగోపాల్‌పేట్ సందులో 'భవాని వెడ్డింగ్ కార్డ్స్' షాపు. పెళ్ళిళ్ళ సీజన్. శుభలేఖలు అక్కడ నిజంగానే అచ్చవుతాయి. వెనక గదిలో సెక్షన్ నైన్ గూఢచారి విభాగం కూడా నిజంగానే పనిచేస్తుంది.

చీఫ్ రామభద్రరావు కూర్చోలేదు. ఎదురుగా ఏజెంట్ హరికిషన్. సోమయ్య కబురు విన్నప్పటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టని మొహం.

"సోమయ్య మౌలాలి వెళ్తాడని ఎవరికి తెలుసు?"

"నాకు. మీకు."

"నేనెవరికీ చెప్పలేదు."

"నేను సుత చెప్పలే సార్. రిపోర్ట్ కొట్టిన, మీకు పంపిన. గంతే."

"ఇది మూడో లీక్ హరీ. మూడూ నువ్వు కొట్టిన రిపోర్టులే. సోమయ్య కొట్టినవి ఒక్కటీ బయటికి పోలేదు. ఢిల్లీవాళ్ళు నీ పేరే అడుగుతున్నారయ్యా."

చీఫ్ తలుపు గడియ పెట్టి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"విను. సైంటిస్ట్ రఘునాథ్. శత్రువుల డ్రోన్లను గుడ్డివి చేసే జామర్ తయారుచేశాడు. రేపు దాన్ని సైన్యానికి అప్పగిస్తాడు, అందాకా బతికుంటే. యాప్రాల్ ఇంట్లో దాచాం. నేనూ, మనవాళ్ళూ అక్కడే ఉంటాం. ఫోన్లు వద్దు. ఏదున్నా ఆఫీసు కంప్యూటర్‌లోనే పంపు."

"సార్, ఒక్క మాట. సోమన్నను చంపినోన్ని నాకు ఇడవండి."

"పగలు తీర్చుకోవడానికి గవర్నమెంటు జీతం ఇవ్వదు."

"ఇయ్యకున్నా సరే."

చీఫ్ గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

*

హరికిషన్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. సోమయ్య చావు మీద రిపోర్ట్ కొట్టాలి. ఇంగ్లీషులో.

ఒక్క వాక్యం కొట్టాడో లేదో, దాని కింద నీలం గీత పడింది. వాక్యం తనంతట తాను మారిపోయి నున్నగా తయారైంది. నోరారా 'అన్నా' అని పిలిచిన మనిషి చావును ఎవడో ఇస్త్రీ చేసి పెట్టినట్టు.

ఆ గ్రామర్ కరెక్షన్ పెట్టింది మాధురి. హెడ్డాఫీసు పంపిన సిస్టమ్స్ కన్సల్టెంట్. ముదురు నీలం చీర, కత్తిరించిన జుట్టు. వచ్చిందంటే ఆఫీసంతా సెంటు వాసన. 'మీ ఇంగ్లీషు చూసి ఢిల్లీలో నవ్వుకుంటున్నారు హరికిషన్ గారూ. మీరెలా రాసినా ఇది దిద్దేస్తుంది' అని జాలిగా నవ్వింది. టెన్త్ గట్టెక్కని హరికిషన్ ఆ రోజు ఆమెకు చాయ్ తెప్పించాడు. సోమయ్య మాత్రం ఒప్పుకోలేదు. "నా రాతను ఇంకోడు దిద్దుడేందిర?" అని రిపోర్టులన్నీ తెలుగులోనే, శుభలేఖలకు వాడే పాత డీటీపీ ఫాంట్‌లో కొట్టేవాడు.

ఇవాళ ఆ నీలం గీత కంటికి కారం కొట్టినట్టుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి కరెక్షన్ ఆఫ్ చేశాడు. మరో లైన్ కొట్టాడు. నీలం గీత. సిస్టమ్ రీస్టార్ట్ చేశాడు. మళ్ళీ ఆన్ అయి కూర్చుంది. సేఫ్ మోడ్‌లో తెరిచాడు. గీత లేదు. అంటే ఇది కంప్యూటర్‌తో వచ్చింది కాదు, పైనుంచి తగిలించింది. యాడ్-ఇన్‌ల జాబితాలో దాని టిక్ తీసేశాడు. మామూలుగా తెరవగానే టిక్ తిరిగొచ్చింది.

"ఎంత తోలినా పోవేందే నువ్వు?"

విసుగొచ్చి సీపీయూ వెనక నెట్ కేబుల్ పీకేశాడు. తనకొచ్చిన ఇంగ్లీషంతా వంకరటింకరగా కొట్టాడు. ఒక్క గీత పడలేదు. కేబుల్ పెట్టాడు. రెప్పపాటులో వాక్యాలన్నీ సర్దుకున్నాయి.

హరికిషన్ చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది. దిద్దేవాడు ఈ పెట్టెలో లేడు. తను కొట్టిన ప్రతి వాక్యం ఎక్కడికో పోయి, ఎవడో చదివాక తిరిగొస్తోంది. మౌలాలి మెట్లూ అట్లాగే పోయాయి. ఆ కోడ్ కూడా అట్లాగే పోయింది. ఇంగ్లీషు రాదన్న సిగ్గుతో తను తీసిన తలుపులోంచే వైపర్ వచ్చాడు.

యాప్రాల్ ఇంటి అడ్రసు కూడా చీఫ్ వెళ్ళగానే డ్యూటీ నోట్‌లో కొట్టి పంపాడు. ఆ సంగతి అప్పటికి అతని బుర్రకు తట్టలేదు. బుర్ర నిండా మాధురే ఉంది.

పాత డీటీపీ ఫాంట్ తెరిచాడు. అది మనిషి కంటికే తెలుగు. యంత్రానికి మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన చెత్త. సీజన్ మొదలైనప్పటి నుంచి శుభలేఖల చెత్త రోజంతా ఆ లైన్లో పారుతూనే ఉంది. అవతలివాళ్ళు దాన్ని చదవడం ఎప్పుడో మానేసి ఉంటారు. హరికిషన్ శుభలేఖ కొట్టాడు. 'దొంగ మాధురి. ఆమెను షాపుకు రప్పిస్తున్న. తమరు సపరివార సమేతముగా వెంటనే విచ్చేయ ప్రార్థన.' చీఫ్‌కు పంపాడు. కేబుల్ పీకాడు. ఫోన్ తీశాడు.

"మేడమ్, జెర పరేషాన్ ఉంది. గ్రామర్ పనిచేస్తలేదు. రఘునాథ్ సార్ రిపోర్ట్ అర్జెంటుగ పంపాలె. ఇగ రిక్షావోని ఇంగ్లీషుల్నే పంపనా?"

అవతల కుర్చీ జరిగిన చప్పుడు.

"అయ్యో, పంపకండి హరికిషన్ గారూ. నేనే వస్తున్నా. ఇంజనీర్‌ను కూడా తీసుకొస్తా."

*

ఇంజనీర్ నీలం యూనిఫాంలో, టూల్ కిట్‌తో వచ్చాడు. మాధురి నవ్వుతూ కుర్చీ లాక్కుంది.

"ఏం చేశారు దీన్ని?"

"నేనేం జేసిన మేడమ్? చదువుకోనోన్ని." హరికిషన్ ఇంజనీర్ వైపు తిరిగాడు. "బయట గాలెట్లుంది భాయ్?"

కిట్ తెరుస్తున్న చెయ్యి ఆగింది. లిప్తపాటే. అది చాలు.

"వైరు గా కార్డులు కోసే కటింగ్ మిషన్ ఎనకాల ఇరుక్కుంది. ప్రెస్సు కింద చెయ్యి పెట్టి జెర గుంజు."

అతను చెయ్యి పెట్టాడు. హరికిషన్ మిషన్ మీదున్న చక్రం గిర్రున తిప్పాడు. కాగితాల కట్టలను అదిమిపట్టే ఇనప పట్టీ మణికట్టు మీద దిగింది. వైపర్ కేక పెట్టాడు. కిట్ జారి పడింది. స్క్రూడ్రైవర్ల మధ్య నుంచి అగరొత్తుల కట్ట బయటపడింది.

హరికిషన్ కాగితాలు కోసే మిషన్ కత్తి హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు.

"సోమన్న ఆఖరికి ఏమన్నడ్రా?"

వైపర్ పెదవి కొరుక్కున్నాడు. చక్రం ఇంకొంచెం తిరిగింది.

"ఏమీ అనలేదు! కూర్చున్నాడంతే!"

"కదలకండి," అంది మాధురి. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి వచ్చిన బుల్లి పిస్టల్ హరికిషన్ కణత వైపు చూస్తోంది.

"అమ్మాయ్, కార్డులకు పసుపు పెట్టారా?" వెనక నుంచి పెద్దమనిషి గొంతు. పట్టుపంచె, తలపాగా, చేతిలో తాంబూలం పళ్ళెం. పళ్ళెం కిందనుంచి రివాల్వర్ ఆమె వీపుకు తగిలింది. పెళ్ళివారి వేషంలో రామభద్రరావు, ఆయన వెనక యూనిట్ మొత్తం.

మాధురి పిస్టల్ వదిలేసింది. కానీ భయపడలేదు. పకపకా నవ్వింది.

"అందరూ వచ్చేశారా? మరి యాప్రాల్‌లో ఎవరున్నారండీ?"

చీఫ్ మొహం పాలిపోయింది. "రఘునాథ్... ఒక్క గార్డు."

"వాటర్ ట్యాంకర్ వీధి మలుపులో ఉంటుంది ఈపాటికి. దాంట్లో ఉన్నది నీళ్ళు కాదు. అడ్రసు మీ హరికిషన్ గారే ఇందాక పంపారు. థాంక్స్."

చీఫ్ మనుషుల్లో ఒకడు ఫోన్ తీశాడు. "ఆ యాప్రాల్ వీధంతా ఫోన్ జామర్ పెట్టించా. మోగదు," అంది మాధురి. "ట్యాంకర్‌ను ఆపగలిగేది ఈ లైనుకు అవతల స్క్రీన్ ముందున్న మా బాస్ ఒక్కడే. మీ ప్రతి లైనూ ఆయన చదువుతాడు. ట్యాంకర్‌కు మా రేడియో మీద ఆర్డర్లిస్తాడు. నా మాట కూడా నమ్మడు, మీ రిపోర్టులే నమ్ముతాడు."

హరికిషన్ చెయ్యి ఇంకా కత్తి హ్యాండిల్ మీదే ఉంది. ఒక్క గుంజు చాలు. తన పగ కోసమే యాప్రాల్ కాపలా ఖాళీ అయింది. ఇంకొక్క నిమిషం పగ పట్టుకుంటే ఇంకొకడు పోతాడు.

హ్యాండిల్ వదిలాడు. వంగి నెట్ కేబుల్ పెట్టాడు. రెండు వేళ్ళతో, తనకొచ్చిన ఇంగ్లీషులో కొట్టాడు: మాధురి మొదటి నుంచీ మన మనిషే. ట్యాంకర్ సంగతి ఆమే చెప్పింది. మనవాళ్ళు దారిలో కాచుకుని ఉన్నారు. ఆమెకు మెడల్ ఇప్పించాలి.

నీలం గీత పడింది. వాక్యాలు చక్కగా, నున్నగా, ఎవరైనా నమ్మేటట్టు దిద్దుకుని పోయాయి.

మాధురి చదివింది. నవ్వు జారిపోయింది.

 బల్ల మీద ఆమె ఫోన్ గుర్రుమంది. చీఫ్ తీసి చదివాడు. "ట్యాంకర్ వెనక్కి. ద్రోహివి. ఎక్కడున్నా వెతికి చంపుతాం." ఆయన తాంబూలం పళ్ళెం పక్కన పడేశాడు. "పదండి, దాన్ని రోడ్డు మీదే పట్టుకోవాలి."

మనుషులు పరుగెత్తారు. మాధురి కంప్యూటర్ మీదికి వాలింది.

"హరికిషన్ గారూ, అబద్ధమని రాయండి! వాళ్ళు నన్ను జైల్లో కూడా బతకనివ్వరు. లేదా కనీసం ఆ కరెక్షన్‌నైనా ఆపెయ్యండి!"

హరికిషన్ సోమయ్య రిపోర్ట్ మళ్ళీ తెరిచాడు. ఈసారి తెలుగులో, పాత ఫాంట్‌లో మొదలుపెట్టాడు. తలెత్తకుండానే అన్నాడు.

"పొద్దుగాల నుంచి గదే పనిల ఉన్న మేడమ్. ఆఫ్ జేస్తె మళ్ళ ఆన్ అయితాంది. మంచి ఇంజనీర్ ఎవలన్న ఉంటే చెప్పుండ్రి. ఈయన చెయ్యి ఖాళీ లేదు."