తెల్లగవ్వల తీర్పు

తూర్పున పండిన పొలాలు, పడమట దట్టమైన అడవి, ఉత్తరాన బురదవాగు, నడిమధ్య ఏనుగులు కూడా ఎక్కలేని రాతిమెట్లతో తలెత్తుకుని నిలిచిన పెదగండి దుర్గాన్ని పొరుగురాజు వీరమల్లుడి సేనలు ముట్టడించి రెండు నెలలు దాటింది. పూలంగళ్లు కళకళలాడిన రాజవీథిలో ఇప్పుడు శత్రువుల యంత్రాలు విసిరిన బండరాళ్లు దొర్లుతున్నాయి, గాదెల్లో ధాన్యం అడుగంటుతోంది. అయినా కోట పడలేదు. పడకుండా కాచినవాడు సూరమ నాయకుడు. ఈ సంగతి కోటలో పసిపిల్లల నడిగినా చెబుతారు. చెప్పవలసిన చోట చెప్పడానికి మాత్రం ఒక్కరికీ నోరు రాలేదు.

నోరు రానివారిలో మొదటివాడు మాచనభట్టు. రాజసభలో ఆయన సత్యపరీక్షకుడు. ఎవరి మీదనైనా ఆరోపణ వచ్చినప్పుడు చెప్పేవాడు ఒక్కొక్క వాక్యమే చెప్పి ఆగాలి. అది నిజమైతే పరీక్షకుడు ఎదుటి ఇత్తడి పళ్లెంలో తెల్లగవ్వ వేయాలి, అబద్ధమైతే నల్లని కుంకుడు గింజ వేయాలి. ఆపైన పెదవి విప్పకూడదు. వెనుకటి రోజుల్లో ఒక పరీక్షకుడు మాటకారితనంతో దొంగను దొరగా నిలబెట్టాడట, అందుకని పెట్టిన కట్టడి అది. మాచనభట్టుకు ఆ ఆచారం ప్రాణం. ఇప్పటి రాజు ముమ్మడి భూపతికి చిన్ననాట చదువు చెప్పినవాడు కూడా ఆయనే. "నాయనా, మనిషి ముఖం చూడకు, మాటకారితనం చూడకు, పళ్లెం చూడు" అని నేర్పించాడు. శిష్యుడు బాగానే నేర్చుకున్నాడు.

ఆ రోజు నిండుసభలో విస్సనమంత్రి లేచాడు. కోట చేతికందితే సామంతపదవి ఇస్తానని వీరమల్లుడు ఆయనకు లోపాయికారీగా మాట ఇచ్చి ఉన్నాడు. ఆ ఒప్పందానికి అడ్డు సూరమ నాయకుడొక్కడే.

"ప్రభూ, నే నెవ్వరిపైనను నింద మోపువాడను గాను. కన్నది విన్నవింతును, సత్యపరీక్షకులు తూచెదరు గాక" అన్నాడు విస్సన, చేతులు కట్టుకుని. "శత్రుయంత్రములు తూర్పుగోడను పిండి చేయుచున్నవి గాని, సూరమ నాయకుడు కావలి యున్న ఉత్తరద్వారముపై నేటివరకు ఒక్క రాయియు పడలేదు."

ఉత్తరాన ఉన్నది బురద అని మాచనభట్టుకు తెలుసు. అక్కడ యంత్రాన్ని నిలిపితే చక్రాలు ఇరుసుదాకా దిగబడతాయి. రాయి పడకపోవడానికి కారణం అదే. కానీ రాయి పడలేదన్నది నిజం. గవ్వ వేశాడు.

"నాయకుని చెల్లెలు శత్రుదేశమున కోడలై యున్నది."

నిజమే. ఆ సంబంధం కుదిర్చింది ఈ విస్సనే, పెళ్లిలో చేయి కడగకుండా మూడు పంక్తులు కూర్చుని తిన్నదీ ఈయనే. అది వాక్యంలో లేదు. గవ్వ వేశాడు.

"మొన్న శత్రుదూత ద్వారము కడకు రాగా, నాయకుడు ఒంటరిగా వెలుపలికేగి మాటలాడిన పిమ్మట శత్రువుల శవములు వారికి అప్పగింపబడినవి."

అదీ నిజమే. ఆ శవాలు కుళ్లి వాగునీరు చెడుతోందనీ, కోట తాగేది ఆ నీరేననీ అందరికీ తెలుసు. మూడో గవ్వ వేస్తూ మాచనభట్టు ఎడమచేతిలో కుంకుడు గింజ పట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు. ఇక నాలుగో వాక్యం రావాలి, 'కనుక నాయకుడు ద్రోహి' అనాలి. ఆ మాట వచ్చిందా, నల్లగింజ పడుతుంది, మూడు నిజాల మాటున దాక్కున్న అబద్ధం బయటపడుతుంది.

విస్సన నాలుగో వాక్యం చెప్పలేదు. "ఇంతియే ప్రభూ. వీనినుండి నేనేమియు నిర్ణయింపను. ప్రభువులు మేధావులు" అని కూర్చున్నాడు.

గింజ మాచనభట్టు చేతిలోనే ఉండిపోయింది. రాజు పళ్లెం వైపు చూశాడు. మూడు గవ్వలూ తెల్లగా మెరుస్తున్నాయి. లేని నాలుగో వాక్యం రాజు ముఖం మీద దానంతటదే ఏర్పడడం ముసలాయన కళ్లారా చూశాడు. ఎవరూ అననిదాన్ని ఏ గింజతో కాదనాలి?

"ప్రభూ, గవ్వలు నిజమే గాని వానిని గుదిగ్రుచ్చిన దారము..." అంటూ లేచాడు.

"ఆచార్యా" అని ఆపాడు రాజు. గొంతులో కోపం లేదు, గౌరవమే ఉంది. "పరీక్షకుడు వాదింపరాదని మాకు నేర్పినది తమరే గదా. ఏ వాక్య మసత్యమో చెప్పుడు, గవ్వ తీయించెదము."

ఏదీ అసత్యం కాదు. మాచనభట్టు కూలబడ్డాడు.

సూరమ నాయకుడిని అడిగారు. ఆయన సభను కలయజూసి కత్తి విప్పి నేలమీద పెట్టాడు. "అన్నియు నిజములే ప్రభూ. ఒక్క మనవి. ఉత్తరద్వారమును ఎరుగనివాని చేత బెట్టకుడు. గోడకన్న అచ్చట మనిషియే బలము." నాయకుడిని చెరసాలకు తీసుకుపోయారు. ద్వారం విస్సన మేనల్లుడి చేతికి వెళ్లింది.

మర్నాడు తెల్లవారేసరికి ఆ తలుపులు లోపలినుంచే తెరుచుకున్నాయి. బురదలో పలకలు పరుచుకుని శత్రుసేన నిదానంగా, తొందర లేకుండా లోపలికి నడిచివచ్చింది. చెరసాల కావలివాళ్లు ఒకప్పుడు సూరమ వెంట పోరాడినవాళ్లే. అడగకుండానే తలుపు తీసి చేతికి కత్తి ఇచ్చారు. ఆయన పారిపోలేదు, తిన్నగా రాజనగరి మెట్ల దగ్గరికి వచ్చి ఇరుకుదారిలో అడ్డంగా నిలబడ్డాడు.

నగరిలోంచి అడవికి పోయే సొరంగం వాకిట రాజు ఆగి వెనక్కి తిరిగాడు. "నాయకా, మేము నీ యెడ..."

"వాదమునకు వేళ గాదు ప్రభూ. నడువుడు" అన్నాడు సూరమ, వెనుదిరిగి చూడకుండా.

రాజపరివారమంతా సొరంగం దాటేదాకా ఆ మెట్లమీద కత్తుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. తరువాత ఆగిపోయింది.

అడవి అంచున నిలబడి చూస్తే కోటమీద వీరమల్లుడి జెండా ఎగురుతోంది. విస్సనమంత్రికి కోరుకున్న పదవి దక్కిందని దారినపోయేవాళ్లు చెప్పుకుంటున్నారు. మాచనభట్టు ఎడమ గుప్పిట ఇంకా మూసే ఉంది. విప్పితే అందులో కుంకుడు గింజ.

రాజు గురువు వైపు తిరిగాడు. చిన్నప్పుడు పాఠం అర్థం కాకపోతే చూసే చూపే అది.

"ఆచార్యా, ఆ మూడు వాక్యములును నిజములని గదా తమరు చెప్పినది?"

"చెప్పితిని ప్రభూ" అన్నాడు మాచనభట్టు. ముసలికళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇప్పటికిని నిజములే."