నంబరు చూసి కదిలిన వ్యాను

"చిప్ దుర్గిలోనే ఉంది" అన్నారు చీఫ్ సుబ్బరత్నం. నరసరావుపేటలో ఒక జిన్నింగ్ మిల్లు వెనక గది అది. బయటికి పత్తి లెక్కలు, లోపల ఇంటెలిజెన్స్ ఆఫీసు. "తీరంలో మన రాడార్ కోడ్స్ మొత్తం అందులో ఉన్నాయి. కొండలు అనే శిల్పి షెడ్డులో, అతనికి తెలియకుండా ఏదో ఒక విగ్రహంలో దాచారు. ఏ విగ్రహమో విదేశీ ముఠా కొరియర్‌కి తప్ప ఎవరికీ తెలియదు. వాడు చెయ్యి వేసేదాకా ఆగాలి. వాడు జారిపోతే కోడ్స్ దేశం దాటతాయి."

ఏజెంట్ గోపీచంద్‌ది చిలకలూరిపేట విగ్రహాల వ్యాపారి వేషం. తోడు ఏజెంట్ తేజస్వి. నల్ల కళ్ళద్దాలు, ఖరీదైన సెంటు. గోపీచంద్‌కి షుగర్ ఉంది. ఎడమ చేతి మీద షుగర్ కొలిచే సెన్సార్, దాని రీడింగ్ ఫోన్‌కి వస్తుంది. ఫీల్డులో కుప్పకూలితే తెలియాలని చీఫ్ ఫోన్‌కీ, తేజస్వి ఫోన్‌కీ కూడా వెళ్ళే ఏర్పాటు చేశారు.

వారం గడిచినా కొరియర్ రాలేదు. సెన్సార్ మాత్రం తెగ అరిచింది. షెడ్డు ఎదురు గదిలో ఎడమ పక్కకి పడుకుని బైనాక్యులర్స్ పట్టుకుంటే చాలు, షుగర్ 58కి పడిపోయిందని అలారం. బిస్కెట్లు మింగేవాడు. కాసేపటికి 240. ఇంతలో చీఫ్ ఫోన్ చేసి ఏంది గోపీ, తింటున్నావా లేదా అని తిట్టేవారు. చివరికి చిరాకేసి అలారం మోగుతుండగానే వేలు పొడిచి స్ట్రిప్ మీద చూసుకున్నాడు. 124.

అప్పుడు బోధపడింది. సెన్సార్ చూసేది రక్తాన్ని కాదు, చర్మం కింది ద్రవాన్ని. చెయ్యి ఒంటి కింద నలిగితే లేని తగ్గుదల చూపిస్తుంది. మామూలప్పుడూ రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకే. మిర్చి యార్డులో రేటు ఫోనుకెక్కేసరికి సరుకు చేతులు మారినట్టే.

తిన్న బిస్కెట్ల మీద కోపం చల్లారాక ఇంకో లెక్క తగిలింది. నంబరు పడ్డ ప్రతిసారీ వీధి మొదట్లో ఒక తెల్ల వ్యాను కనిపించింది. నంబరు పెరగ్గానే వెనక్కి మళ్ళింది. తను కాక ఆ నంబరు చూసేది ఇద్దరే. చీఫ్ పంపితే వ్యాను వెనక్కెందుకు పోతుంది? అంటే, తను కూలబడే అదను చూసి దాన్ని పిలిచేది తేజస్వేనా?

మర్నాడు మధ్యాహ్నం వేలు పొడుచుకుని, 118 ఉందని చూసుకున్నాకే రంగంలోకి దిగాడు. ఇన్సులిన్ వేసుకున్నాను, భోజనం ఇంకా రాలేదు, తల తిరుగుతోందని తేజస్వితో చెప్పి ఎడమ చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నాడు. 71. 60. 49, ఇంకా పడుతోందని ఫోన్‌లో బాణం కిందికి.

"బిస్కెట్..." అన్నాడు ముద్దగా.

తేజస్వి ఫోన్ చూసింది. బల్ల మీది బిస్కెట్ ప్యాకెట్ తీసి తన హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది. "పడుకోండి గోపీ గారూ, నేనున్నాగా." బయట గడియ పెట్టి వెళ్ళిపోయింది.

ఫోన్ మోగింది. చీఫ్. చీఫ్‌తో మాట్లాడే లైను తేజస్వికీ వినిపిస్తుంది. అందుకే తన అనుమానం ముందూ చెప్పలేదు, ఇప్పుడూ ఫోన్ ఎత్తలేదు. పళ్ళు నూరుకుంటూ కిటికీలోంచి చూశాడు.

షెడ్డు ముందు తెల్ల వ్యాను ఆగింది. పొడుగాటి విదేశీయుడు దిగాడు. దుర్గిలో రాయి కొనేవాడు ముందు సుత్తితో తట్టి మోత వింటాడు. వీడు తట్టలేదు. తిన్నగా ఒక చిన్న నంది దగ్గరికెళ్ళి రెండు చేతులా ఎత్తుకున్నాడు.

గోపీచంద్ కిటికీ దూకాడు. అప్పటికే తేజస్వీ, కొరియరూ వ్యానెక్కారు. వ్యాను కదిలింది. అదే క్షణాన సైరన్. చీఫ్ కంగారుపడి పంపిన అంబులెన్స్ ఇరుకు వీధిలోకి ఎదురొచ్చి వ్యానుకి అడ్డంగా నిలిచింది. గోపీచంద్ పిస్టల్ వ్యాను కిటికీ అద్దానికి ఆనింది.

తేజస్వి అతన్నీ, ఫోన్‌నీ మార్చి మార్చి చూసింది. "ఇందులో ఇంకా 49 ఉంది."

"అది పాత రేటు. దిగు."

నంది పీఠం కింద లక్క పగలగొడితే చిప్ దొరికింది. పోలీసులు ఇద్దర్నీ తీసుకెళ్ళాక అంబులెన్స్ నర్సు గ్రేసమ్మ గ్లూకోజ్ బాటిల్ పట్టుకుని వెంటపడింది. గోపీచంద్ విసుగ్గా వేలు చాపాడు. ఆమె పొడిచి చూసింది.

"196 సార్. భయపడితే షుగర్ పెరుగుద్ది."

"భయం కాదమ్మా, కోపం."

"దానికీ ఇదే రేటు సార్."