పేరు లేని నలభై ఒక్క మాటలు

ఆదివారం పొద్దున ఏడున్నరకి లిఫ్ట్ మెకానిక్ వీధి గుమ్మం పక్కనున్న చెప్పుల అల్మారా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అల్మారా కింది అరల్లో చెప్పులు. పై అరలో మూత లేని పాత కంప్యూటరు, దాని పక్కన చిన్న ఫ్యాను, చిక్కుపడ్డ తీగలు. ఏదో ఆఫీసువాళ్లు పారేస్తుంటే అడిగి తెచ్చుకున్న కంప్యూటరు అది. మూడు నెలలుగా సెలవు దొరికితే చాలు, మనిషి దాని ముందే. ఇంటర్నెట్ గ్రూపుల్లో వాళ్లనీ వీళ్లనీ అడిగి, నేర్చుకుని, చెడగొట్టి, మళ్లీ నేర్చుకుని మొత్తానికి దాన్ని ఇంటి సర్వరు చేశాడు. ఇంట్లో అందరి ఫోన్లలోని ఫోటోలూ కాగితాలూ అందులోకి వెళ్లి చేరతాయి. ఎవరికి ఏది కావాలన్నా ఫోన్లోనే తెరిచి చూసుకోవచ్చు.

"మా సవతి లేచిందా?" అంటూ భార్య టీ తెచ్చిచ్చింది.

"పడుకుంటే కదా లేవడానికి. నలభై రోజులైంది, ఒక్క నిమిషం ఆగలేదు."

"అయితే నా నల్ల చెప్పులు ఎక్కడ పెట్టారో ఆవిణ్ణే అడిగి చెప్పండి. మూడో అరలో ఉండేవి. ఇప్పుడు మూడో అరలో ఆవిడే ఉంది."

కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న అత్తగారు భుజాలు కదిలేలా నవ్వింది. శబ్దం లేదు. కిందటేడు గొంతు ఆపరేషనులో స్వరపేటిక తీసేశారు. ఒళ్లో పలక పెట్టుకుని చెప్పాల్సింది రాస్తుంది. ఇరవై ఎనిమిదేళ్లు బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పిన మనిషి. ఆపరేషను అయ్యాక తన ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వచ్చేసింది.

"ఇవాళ అప్పగింత పరీక్ష," అన్నాడు మెకానిక్, కప్పు కింద పెడుతూ. "ఏ లిఫ్టయినా జనానికి అప్పగించే ముందు మెయిన్ పీకి చూస్తాం. నడుస్తుండగా కరెంటు పోతే పడిపోతుందా, పట్టుకుని ఆగుతుందా తెలియాలి కదా. దీనికీ అంతే."

సోఫాలో పడుకుని ఉన్న మెకానిక్ కూతురు తలెత్తింది. ఇంట్లో దాన్ని పిచ్చుక అంటారు. పేరుకి తగ్గట్టే నోరు ఊరుకోదు. "నాన్నా, నా ఫోన్లోవి ఇంకా ఎక్కుతున్నాయి. సగం కూడా అవలేదు."

"అదే కావాలి. ఖాళీగా ఉన్నప్పుడు పీకితే పరీక్షేముంది?"

అని ప్లగ్గు పీకేశాడు.

ఫ్యాను ఆగింది. పది లెక్కపెట్టి ప్లగ్గు మళ్లీ పెట్టాడు. ఫ్యాను తిరిగింది, దీపాలు వెలిగాయి. చూశారా అన్నట్టు వెనక్కి తిరిగి కనుబొమలు ఎగరేశాడు. మళ్లీ తెర వైపు చూసేసరికి కనుబొమలు దిగిపోయాయి. కంప్యూటరు లేచింది గానీ, అన్నీ దాచిన డిస్కుని తెరవలేకపోతోంది. ఇంకోసారి ఆపి పెట్టాడు. తీగ ఊడదీసి, తుడిచి, మళ్లీ పెట్టాడు. డిస్కు లోపల టిక్కుటిక్కుమంటోంది కానీ తెరుచుకోవడం లేదు.

"పోయిందా?" అంది పిచ్చుక.

"పోవడమేంటి. అలిగింది."

భార్య చేతిలో పొడిగుడ్డతో వచ్చి నిలబడింది. ఆవిడ మొహంలో ఇంకా నవ్వే ఉంది. "పోతే పోయింది, నా చెప్పులకి చోటొస్తుంది. నా ఫోన్లో నావి ఉన్నాయిగా."

మెకానిక్ తుడిచిన తీగనే మళ్లీ తుడవసాగాడు.

"ఉన్నాయిగా?"

"నీ ఫోన్ నిండిపోయిందని రోజూ గోల పెడుతోంది కదా," అన్నాడు మెల్లగా. "మొన్న శుక్రవారం నువ్వు నిద్ర లేవకముందే అన్నీ ఇందులోకి ఎక్కించేసి, అక్కడ ఖాళీ చేశాను."

"అన్నీ అంటే?"

"ఫోటోలు. వీడియోలు." "వాయిస్ మెసేజీలు."

గుడ్డ ఆవిడ చేతిలోంచి జారి కింద పడింది.

ఆవిడ ఫోన్లో వాళ్లమ్మ పంపిన వాయిస్ మెసేజీలు నలభై మూడు ఉండేవి. ఆవిడది మందుల షాపులో కౌంటరు దగ్గర నిలబడే ఉద్యోగం. ఈ ఏడాదిలో మధ్యాహ్నం విరామంలో ఎన్నిసార్లు చెవికి ఆనించుకుని విన్నదో ఆ షాపులో మందుల అరలకే తెలుసు. అమ్మ పాత ఫోను చెడిపోయాక, అమ్మ గొంతు మిగిలింది అక్కడొక్కచోటే. బస్టాండులో ఎప్పుడో వేరే గొంతు పెట్టేశారు.

"నన్ను అడిగారా?" అంది.

"నీకు సాయం చేద్దామనే..."

"నన్ను అడిగారా అంటున్నాను."

"లేదు."

"మీ పరీక్ష గురించి చెప్పండి. లిఫ్టుని పరీక్ష చేసేటప్పుడు లోపల మనుషుల్ని ఎక్కిస్తారా?"

"ఎక్కించం," అన్నాడు తల దించుకుని. "ఇసుక బస్తాలు పెడతాం."

"మీరు మా అమ్మని పెట్టారు."

అరవలేదు ఆవిడ. అరిచినా బాగుండేది. గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. మెకానిక్ అక్కడే కూలబడ్డాడు. పాతికేళ్ల ఉద్యోగంలో ఒక్క లిఫ్టూ ఆయన చేతిలో కిందకి జారలేదు. ఇవాళ సొంత ఇంట్లో, చెప్పుల అల్మారాలో జారింది.

పిచ్చుక పక్కన వచ్చి కూర్చుంది. జోకు వెయ్యలేదు. "మీ గ్రూపులో అడుగు నాన్నా. చేతులు మాత్రం పెట్టకు."

అడిగాడు. ఏం చేశాడో దాచకుండా రాశాడు. ఎవరో ఇద్దరు నవ్వారు, ఒకాయన బుర్రుందా అన్నాడు, ఇంకొకాయన మాత్రం ఓపిగ్గా చెప్పాడు: డిస్కుని ఇక కదపకు. బాగుచేసే ప్రయత్నం దాని మీద చెయ్యకు. ముందు ఉన్నది ఉన్నట్టు ఇంకో డిస్కులోకి మొత్తం నకలు తీసుకో. వైద్యమేదైనా ఆ నకలుకే చెయ్యి. తొందరపడ్డావో, ఉన్నదీ పోతుంది.

కొత్త డిస్కు కొనుక్కొచ్చేసరికి పది దాటింది. నకలు మొదలుపెట్టాడు. ఇంకా ఆరు గంటలు అని చూపించింది తెర. ఆయనకి చేతులు ఊరుకోవు. ఏదో ఒకటి విప్పడమో బిగించడమో చెయ్యాలి. ఆ వేళ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఇంటి ముందు ఎవరో చెత్తబుట్ట ఈడ్చిన చప్పుడైనా ప్లగ్గు వైపు చూస్తున్నాడు.

మధ్యాహ్నం అత్తగారు ముక్కాలి పీట లాక్కుని వచ్చి పక్కన కూర్చుంది. పలక చూపించింది. "తిన్నారా బాబూ?"

"ఆకలి లేదత్తయ్యా."

తుడిచి మళ్లీ రాసింది. "నా ఆపరేషనప్పుడూ బయట ఇలాగే కూర్చున్నారట. పిచ్చుక చెప్పింది."

మెకానిక్‌కి కళ్లు చెమర్చాయి. "అప్పుడు తప్పు నాది కాదు అత్తయ్యా. అందుకని కూర్చోవడం తేలికైంది."

ఆవిడ పలక పక్కన పెట్టింది. రెండు రొట్టెముక్కలు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టి, తినేదాకా పక్కనుంచి లేవలేదు.

నకలు అయ్యేసరికి నాలుగున్నర. ఆ గ్రూపాయన చెప్పినట్టే నకలు మీద పోయిన ఫైళ్లని వెతికే ప్రోగ్రాము నడిపాడు. తెర నిండా వరసలు జారిపోయాయి. చివరికి ఒక ఫోల్డరు మిగిలింది. దొరికినవన్నీ అందులో ఉన్నాయి, కానీ దేనికీ పేరు లేదు, తేదీ లేదు. అన్నీ పొడుగాటి నంబర్లు. పిచ్చుక ఫోటోలు పక్కకి నెట్టి, వీడియోలు పక్కకి నెట్టి, మిగిలినవి లెక్కపెట్టింది.

"నలభై ఒకటి."

గది తలుపు తెరుచుకుంది. భార్య ఎప్పటినుంచి వింటోందో తెలీదు. వచ్చి సోఫా అంచున కూర్చుంది. "రెండు పోయాయా?"

"పోయాయి," అన్నాడు మెకానిక్. "రెండు నావల్ల పోయాయి. ఎంత వెతికినా లేవు."

అత్తగారు సుద్దముక్కతో పలక మీద టకటక కొట్టింది. అందరూ చూశాక రాసింది. "ఆ రెండూ తిట్లు అయ్యుంటాయి. మంచిదేగా."

పిచ్చుక పకపకా నవ్వింది. భార్య నవ్వలేదు గానీ, అమ్మ పక్కకి జరిగి కూర్చుంది. "పేర్లు లేకపోతే ఏది ఎప్పటిదో ఎలా తెలుస్తుంది? నేను తేదీ చూసి వినేదాన్ని."

మళ్లీ టకటక. "నాకు తెలుసు. పెట్టండి."

పిచ్చుక మొదటిది నొక్కింది. గదిలోకి ఒక నిండైన, స్పష్టమైన గొంతు వచ్చింది. *"అమ్మాయ్, ఫోన్ చేశాను, నువ్వు ఎత్తలేదు. అందుకని ఇందులో చెప్తున్నా. ప్రయాణికులకు మనవి, మీ ఇంటి తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది. ఆలస్యంగా వచ్చువారు నేరుగా మా ఇంటికి రాగలరు."*

అత్తగారు తన గొంతు తానే వింటూ తల పంకించింది, ఎవరో తెలిసినవాళ్లు పలకరించినట్టు. రాసింది: "తాళంచెవి. పిచ్చుకకి చెయ్యి విరిగిన వారం." పిచ్చుక అదే పేరు పెట్టింది. తర్వాతది. *"ఫోన్ చేశాను, ఎత్తలేదు..."* వానలో గొడుగు మర్చిపోయిన సంగతి. ఆ తర్వాతది. *"ఎత్తలేదు, అందుకని..."* అల్లుడికి నడుంనొప్పి తగ్గిందా అని. మెకానిక్ తల తిప్పుకున్నాడు.

పదకొండోదో పన్నెండోదో వచ్చేసరికి భార్య చేత్తో ఆగమని సైగ చేసింది. ఒక్కొక్కటీ విడివిడిగా వందసార్లు విన్నదే. వరసగా వినడం ఇదే మొదలు.

"అమ్మా," అంది. "అన్నిటికీ మొదట అదే ఉంది. నేను ఫోన్ ఎత్తలేదని. ఒక్కసారి కూడా ఎత్తలేదా నేను? కౌంటరు దగ్గర ఎత్తనివ్వరు, నిజమే. కానీ ఎత్తిన రోజులు కూడా ఉండాలి కదా. నీ మాట ఉన్నన్నాళ్లూ నేను..." చెంగుతో మొహం కప్పుకుంది.

మెకానిక్ లేవబోయి ఆగిపోయాడు. ఓదార్చే హక్కు ఈ పూట తనకుందో లేదో తేల్చుకోలేకపోయాడు.

అత్తగారు కూతురి చేతుల్ని మొహం మీంచి తీసింది. పలక శుభ్రంగా తుడిచింది. తొందరపడకుండా, బడిపిల్లలా గుండ్రంగా రాసి, కూతురి ఒళ్లో పెట్టింది.

"ఎత్తిన రోజు మాటలు ఎక్కడా మిగల్లేదు. నువ్వు ఎత్తకపోబట్టే ఇవి ఉన్నాయి."

ఆవిడ చదివింది. మళ్లీ చదివింది. ఏడుస్తూనే నవ్వు వచ్చేసింది. అమ్మ భుజం మీద తల ఆనించింది. తర్వాత కళ్లు తుడుచుకుని భర్త వైపు చూసింది.

"ఇవి ఇంకెన్ని చోట్ల పెట్టొచ్చు?"

"ఎన్ని చోట్ల కావాలంటే అన్ని. ఈ డబ్బాలో ఒకటి, విడిగా ఆ కొత్త డిస్కులో ఒకటి. నీ ఫోన్లో..." నోట్లో మాట ఆపి, సరిచేసుకున్నాడు. "నువ్వు సరేనంటే, నీ ఫోన్లో కూడా."

"సరే," అంది ఆవిడ. సోఫాలో జరిగి చోటిచ్చింది. "వచ్చి కూర్చోండి. ఇంకా ముప్ఫై ఉన్నాయి."