గ్రూప్ ఫొటోలో రెండో వరస

"నోరు తెరువు," అన్నాడు పెద్దాయన.

పళ్ల డాక్టరు కుర్చీలో వాలి ఉన్న మేస్త్రి నోరు తెరిచాడు. ముఖానికి మాస్కు, చేతిలో డ్రిల్లుతో నిలబడ్డది డాక్టరు కాదు, గూఢచారి విభాగం అధిపతి. డ్రిల్లు మోతలో గోడకు చెవి ఆనించినా ఏమీ వినపడదు. అందుకే రహస్య బ్రీఫింగులన్నీ ఈ క్లినిక్ వెనక గదిలోనే. డ్రిల్లు ఉత్తుత్తిదేనని తెలిసినా మేస్త్రి అరచేతులకు చెమట పట్టింది.

"యూనివర్సిటీ వాళ్లు రేపు ఒక యాప్ మొదలుపెడుతున్నారు. పాత విద్యార్థులనీ ఇప్పటి పిల్లలనీ కలుపుతుందట. సలహాలు, ఉద్యోగాలు అన్నీ అందులోనే. అంతవరకూ మంచిదే. కానీ ఫేస్ మ్యాచ్ అని ఒక ముక్క ఉంది. పాత గ్రూప్ ఫొటోలో మొహం పట్టుకుని, ఆ మనిషి ఇప్పుడు ఏ దేశంలో ఏ పేరుతో తిరుగుతున్నాడో చెప్పేస్తుంది. దాన్ని రాసింది అవతలి దేశం ముఠా. బటన్ నొక్కగానే ఫలితాలు వాళ్ల సర్వర్‌కి పోతాయి."

"పోతే మనకేంటి సార్?"

"మన ఏజెంట్లని మనం ఏరుకున్నది ఆ యూనివర్సిటీలోనే కదరా!"

పెద్దాయన జేబులోంచి ఒక ఫొటో తీసి లైటు కింద పెట్టాడు. రెండో వరసలో, నూనె పెట్టి తల దువ్వుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు మేస్త్రి తమ్ముడు. ఇప్పుడు వాడు మరో పేరుతో, మరో గడ్డంతో, ముఠా ఉండే వీధిలోనే గడియారాలు బాగుచేస్తున్నాడు. దొరికితే వాణ్ణి ప్రశ్నలు కూడా అడగరు.

ఆ తమ్ముడి చదువు కోసమే మేస్త్రి బడి మానేసి ఇటుకలు మోశాడు. ఆ చదువే ఇవాళ వాడి మెడకు చుట్టుకుంది. చదువు గొప్పదని చెప్పినవాడెవడైనా ఎదురుపడితే రెండు తగిలించాలనిపించింది.

"యూనివర్సిటీకి చెప్పి ఆపించొచ్చుగా సార్?"

"అక్కడ ముఠా మనిషి ఎవరో తెలీదు. చెప్పామా, వాడు ఈ రాత్రికే బటన్ నొక్కేస్తాడు. నువ్వే వెళ్లాలి. మిగతావాళ్లంతా ఆ ఫొటోల్లో ఉన్నారు. కాలేజీ గుమ్మం తొక్కనివాడివి నువ్వొక్కడివే."

చదువు లేకపోవడం ఒక అర్హత కావడం మేస్త్రి బతుకులో అదే మొదటిసారి.

"లోపల వెన్నెల ఉంది. కోడ్ వర్డ్ 'హాజరు'. మనకోసం ముఠాలో పనిచేస్తుందో, ముఠాకోసం మన దగ్గర పనిచేస్తుందో ఎవరికీ తెలీదు. ఆమెకైనా తెలుసో లేదో!"

మర్నాడు యూనివర్సిటీ హాలు కిటకిటలాడుతోంది. పొట్టలు వచ్చిన పెద్దమనుషులు వీపులు చరుచుకుంటూ ఏరా, ఒరేయ్ అని కేకలు వేసుకుంటున్నారు. బాల్కనీ నిండా విద్యార్థులు, వాళ్ల వెనక తల్లిదండ్రులు. బూడిదరంగు కోటు, అతికించిన మీసం, మెడలో 'పూర్వ విద్యార్థి, సివిల్' బ్యాడ్జి తగిలించుకున్న మేస్త్రి బెల్టు బకిల్ నొక్కాడు. అది జామర్. హాలులో సిగ్నళ్లన్నీ చచ్చిపోవాలి. ఏదీ చావలేదు. పైగా పక్కాయన ఫోన్ మోగింది.

గోడవారగా నడిచి వేదిక వెనక కంట్రోల్ రూములోకి దూరాడు. లోపల చిమ్మచీకటి. తలుపు వెనకే మూసుకుంది. బీరువా వెనక ఎక్కడో స్విచ్ టిక్కుమంది. లైటు వెలిగేసరికి, ఆకుపచ్చ సిల్కు కోటులో మెరిసిపోతున్న ఒకావిడ అతని మెడకు పెన్ను ఆనించి ఉంది. పెన్ను మొనలో విషపు సూది.

"హాజరు," అన్నాడు మేస్త్రి.

"మేస్త్రిగారూ, మిమ్మల్ని పొద్దున్నే పట్టేశాను," అంది వెన్నెల. "యాప్‌లో మీ ప్రొఫైలు చూసి. పుట్టినరోజు, బ్లడ్ గ్రూపు, హాస్టల్ గది, అభిరుచులు... ఒక్క ఖాళీ లేదు! నిజమైన పాత విద్యార్థి ఎవడైనా పేరు రాసి, మిగతాది తర్వాత చూద్దాంలే అని వదిలేస్తాడండీ. మీ ఆఫీసులో పాపం ఎవరో కూర్చుని బుద్ధిగా నింపారు."

సూది చర్మానికి చల్లగా తగులుతోంది. తమ్ముడి మొహం కళ్లముందు కదిలింది. చచ్చేలోపు ఒక్క మాట దొరకదా అని వెతుక్కున్నాడు. దొరికింది.

"చీకట్లో ఆ స్విచ్ ఎలా దొరికిందమ్మా నీకు? బీరువా వెనక ఉందని ఇక్కడ చదివినవాళ్లకి తప్ప ఎవరికి తెలుస్తుంది?"

పెన్ను కదల్లేదు.

"నీదీ ఒక గ్రూప్ ఫొటో ఉండే ఉంటుంది. ముఠాకి నీ అసలు పేరు తెలుసా?"

వెన్నెల మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆ భయం మేస్త్రికి బాగా తెలిసిందే. రాత్రంతా అతనితో పడుకున్నది అదే.

"మా ఏడాది ఫొటోలు అప్‌లోడ్ చెయ్యలేదన్నారే..." అంది నెమ్మదిగా. పెన్ను దించేసింది. "వైర్లు పీకినా ఆగదు. సర్వర్ ఇక్కడ లేదు. ఒక్కటే దారి. విద్యార్థులకి అధికారం ఉండాలని యూనివర్సిటీ పట్టుబడితే, ప్రతి ఫోన్లో 'అభ్యంతరం' బటన్ పెట్టాం. సగం మంది నొక్కితే ఫేస్ మ్యాచ్ అక్కడికక్కడే ఆగిపోతుంది. వీళ్లు క్లాస్ లీడర్ ఎన్నికకే ఓటెయ్యరు, ఇదేం నొక్కుతారులే అని మావాళ్లు ఒప్పుకున్నారు."

బయట చప్పట్లు మోగాయి. వైస్ ఛాన్సలర్ బటన్ నొక్కేశాడు.

మేస్త్రి వేదిక మీదికి పరుగెత్తేసరికి పెద్ద తెర మీద గ్రూప్ ఫొటోలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ఒక్కొక్క మొహం మీద పచ్చ చతురస్రం వాలుతోంది. అంతలో ఆ ఫొటో వచ్చింది. మొదటి వరస అయిపోయింది. చతురస్రం రెండో వరసలోకి దిగింది.

మైకు లాక్కున్నాడు. ఏం చెప్పాలి? నిజం చెబితే తమ్ముణ్ణి తనే అప్పగించినట్టు. పిల్లలు దేనికి భయపడతారో అని ఆలోచించాడు.

"పిల్లలూ! దీని తర్వాత మీ ఫోన్లలో ఉన్న ఫొటోలే! వరసగా ఈ తెర మీదికి వస్తాయి! మీ అమ్మానాన్నలు మీ వెనకే కూర్చున్నారు! ఇష్టం లేకపోతే 'అభ్యంతరం' నొక్కండి!"

బాల్కనీ బిగుసుకుపోయింది. ముందు వరసలో ఒక అమ్మాయి సన్నగా అడిగింది. "డిలీట్ చేసినవి కూడానా అంకుల్?"

"ముందు అవేనమ్మా!"

వందల బొటనవేళ్లు ఒక్కసారిగా కదిలాయి. చతురస్రం తమ్ముడి పక్కవాణ్ణి దాటి, తమ్ముడి నుదుటి మీద వాలి, వెతుకుతూ మినుకుమినుకుమంది. మేస్త్రి కళ్లు మూసుకున్నాడు.

మళ్లీ తెరిచేసరికి తెర నల్లగా ఉంది. 'విద్యార్థుల అభ్యంతరంపై నిలిపివేయబడింది.'

కంట్రోల్ రూములో వెన్నెల లేదు. వాష్‌రూములో మీసం పీక్కుంటుంటే చెవిలో దాచిన బుల్లి స్పీకర్లో పెద్దాయన గొంతు పలికింది. "మీవాడు క్షేమం. ఎవరిదో అలారం రిపేరు చేస్తున్నాడట." మేస్త్రి వాష్‌బేసిన్ పట్టుకుని అలాగే నేల మీదికి జారిపోయాడు.

తలుపు అవతల వైస్ ఛాన్సలర్ ఫోన్లో పొంగిపోతున్నాడు. "యాప్ ఆగిపోతే పోనీవయ్యా! నిమిషంలో తొంభై శాతం మంది విద్యార్థులు పాల్గొన్నారు! మన చరిత్రలో ఉందా ఇలా? ఆ మీసాలాయన ఎవరో కనుక్కో. పిల్లల్ని ఏడాదికోసారి వచ్చి ఇలా భయపెట్టి వెళతాడేమో అడుగు."