రాతి ద్వారం దగ్గర వీపెక్కేవాడు

ఆ రాతి ద్వారం కింద నుంచి రాత్రిపూట వట్టి చేతులతో వెళ్ళేవాళ్ళకి ఏమీ కాదట. చిక్కంతా బరువు మోసేవాళ్ళకే.

పాత గుళ్ళకీ టూరిస్టుల బజారుకీ మధ్య ఉందది. తలుపుల్లేవు, గోడల్లేవు... ద్వారం ఒక్కటే మిగిలింది. ఆ గుళ్ళు కట్టే రోజుల్లో బండలు మోసే కూలీ ఒకడు అక్కడే నడుం విరిగి పోయాడనీ, జన్మంతా మోసింది చాలక చచ్చాక కూడా నడవాలా అని, అప్పట్నుంచీ వచ్చేపోయేవాళ్ళ వీపెక్కి తిరుగుతున్నాడనీ చెప్పుకుంటారు. ఆలోచిస్తే న్యాయంగానే ఉంది!

ఆ సంగతి నత్తకి చెప్పింది బస్టాండు పక్కన టీ కొట్టు పిన్ని. నత్త అంటే ఒక అమ్మాయి. మనిషి జానెడు, వీపు మీద సంచి బారెడు. ఇల్లంతా మోసుకుని ఊళ్ళు తిరుగుతోందని వాళ్ళన్నయ్య పెట్టిన పేరది.

"బజారుకి దగ్గర దారి అదేగానీ... వద్దమ్మా," అంది పిన్ని గొంతు తగ్గించి. "ఎక్కాడంటే బరువు పెరుగుతూ పోతుంది. వెనక్కి చూడకూడదు. సంచి దించకూడదు. దించావో... నీతోపాటే మీ ఇంటికొస్తాడు."

"మరెప్పుడు దిగుతాడు పిన్నీ?"

"దీపాలూ జనమూ కనబడితే దిగుతాడంటారు. ఇంకో టీ తాగుతావా?"

తాగడానికి తీరికేదీ? అమ్మని కాళ్ళావేళ్ళా పడి ఒప్పించుకున్న మొదటి ఒంటరి ప్రయాణం ఇది. షరతు ఒక్కటే. రోజూ రాత్రి తొమ్మిదింటికి కూతురి గొంతు వినబడాలి. ఒక్క పూట వినబడకపోయినా అన్నయ్య బయల్దేరొచ్చి చెవి పట్టుకుని తీసుకుపోతాడు. తొమ్మిది కావస్తోంది. ఫోనేమో బస్సులోనే ప్రాణం విడిచింది. అమ్మ నంబరు ఆ చచ్చిన ఫోనుకే తెలుసు. పిన్ని కొట్టులో వెలిగేది లాంతరు. బజారులో తను బుక్ చేసుకున్న టూరిస్టుల హాస్టల్‌కి చేరి ఛార్జింగ్ పెట్టుకుంటే తప్ప దారి లేదు.

అదను చూసి వాన కూడా అందుకుంది. నత్త సంచికి వాన కవరు తొడిగి, దెయ్యం కన్నా అన్నయ్యే ప్రమాదం అనుకుని, ఆ దగ్గర దారే పట్టింది.

ద్వారం కింద ఏమీ జరగలేదు. "ఇంతేనా!" అని పైకే అనేసింది. అనకుండా ఉండాల్సింది.

కాస్త దూరం పోయాక... పట్టీలు భుజాల్లోకి దిగడం మొదలెట్టాయి. అలసటలే అనుకుంది. వాన జోరెక్కింది. సంచి ఇంకాస్త బరువైంది. అడుగు వేస్తే చాలు, వెనక ఏదో ఒకసారి ఇటూ, ఒకసారి అటూ సర్దుక్కూర్చుంటోంది... బస్సులో సీటు చాలని మనిషిలాగా.

ఆ తర్వాత వాడు నవ్వాడు.

పెద్ద నవ్వేం కాదు... గుడగుడమని, కడుపులోనే. నత్తకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"బాబాయ్," అంది గుసగుసగా, ముందుకే చూస్తూ. "ఎక్కితే ఎక్కావు... కదలకుండా కూర్చో."

జవాబుగా నడుం మీద చల్లటి వేళ్ళు పాకాయి.

ఇక చూడు పరుగు! బురదా తెలీదు, గుంటా తెలీదు. సంచి దించేద్దామా అంటే ఇంటికొస్తాడు. ఇంట్లో అమ్మ ఉంది. "ఊళ్ళు తిరిగి దెయ్యాన్ని వెంటేసుకొచ్చావా" అని ఆవిడ పెట్టే చీవాట్ల ముందు ఈ బరువెంత! ఆ మాట తట్టేసరికి అంత భయంలోనూ నవ్వొచ్చేసింది నత్తకి. నవ్వుతూ, ఏడుస్తూ, కాళ్ళు ఈడ్చుకుంటూ బజారులో పడింది.

దీపాలొచ్చాయి. పాటలొచ్చాయి. పందిళ్ళ కింద గంతులేస్తున్న జనం వచ్చారు... వాడు మాత్రం దిగలేదు.

హాస్టల్లోకి దూరి కౌంటర్ మీద బోర్లా వాలిపోయింది.

"అన్నా... నా వీపు మీద ఎవరున్నారో... కాస్త చూసి చెప్పవా?"

కౌంటర్లో ఆయన తాపీగా లేచి, వెనక్కి వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఒక్కరికే కదమ్మా బుక్ చేశావు?"

నత్త కెవ్వుమంది. ఆయన కవరు అంచు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు... దభేల్మని బిందెడు నీళ్ళు! గుమ్మంలో విడిచిన చెప్పులు తేలి వీధిలోకి బయల్దేరాయి. సోఫాల్లో కూర్చున్నవాళ్ళు కాళ్ళు పైకెత్తి ఈలలేశారు.

"వీపు పక్కనుంచి లోపలికి దిగే వాననీళ్ళు పోవడానికి ఈ కవర్లకి అడుగున చిల్లుంటుందమ్మా," అన్నాడాయన దాన్ని తిరగేస్తూ. "నీదానికి ఎవరో కుట్టేశారు."

ఆవగింజల్లాంటి కుట్లు, ఒక్కటీ వంకర పోలేదు. ఆ చెయ్యి ఎవరిదో నత్తకి వేరే చెప్పాలా?

ఛార్జింగ్‌కి పెట్టిన ఫోను కళ్ళు తెరవగానే మోగింది.

"అమ్మా! ఆ కవరు అడుగున..."

"చూశావా మరి! కొత్త సరుకని చెప్పి చిల్లుదాన్ని అంటగట్టాడు నీకా షాపువాడు. రెండు పేటల దారంతో బిగించాను. ఒక్క చుక్క కూడా పోదు!"

"పోలేదమ్మా," అంది నత్త, నేల మీద చతికిలబడి. "ఒక్క చుక్క కూడా పోలేదు."

"ఏమిటే ఆ నవ్వు? భయపడ్డావా? నిజం చెప్పు. అన్నయ్య బూట్లేసుకుని సిద్ధంగా ఉన్నాడు."

"విప్పెయ్యమనమ్మా," అంది నత్త కళ్ళు తుడుచుకుంటూ. "దారంతా నా వీపెక్కి కూర్చుని వచ్చావు, ఇంకా అన్నయ్యెందుకు?"